చదివి వెళ్ళిపోయేవారిపై చర్య

మనిషి చదవడం నేర్చుకున్నది జవాబు రాయడం కోసమేననీ, జవాబు రాయడం వచ్చేశాక చదవడం ఐచ్ఛికమేననీ "నీలాకాశం పావురాల వేదిక" వారు ఏనాడో తీర్మానించారు. ఆ తీర్మానాన్ని సభ్యులందరూ హర్షించారు. హర్షించినవారిలో దాన్ని చదివినవారు ఎవరైనా ఉన్నారా అన్నది మర్యాద తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న కాదు.

ఆ వేదికకు ప్రధాన పర్యవేక్షకుడు వగ్దీ షలబీ. కైరోలో, షుబ్రా పేటలో, ఐదంతస్తుల మేడలో కాపురం. మేడ మీద డిష్షుల మధ్య చెక్కతో కట్టుకున్న పావురాల గూడు. పగలు కరెంటు మీటర్ల ఫిర్యాదుల విభాగంలో గుమాస్తా. వచ్చిన ప్రతి అర్జీ మీద "చూడబడింది" అని ముద్ర వేయడం అక్కడ ఆయన ఉద్యోగం. ("చదవబడింది" అనే ముద్రను ప్రభుత్వం ఇంతవరకూ చేయించలేదు. చేయించినా వేయడానికి సిబ్బంది దొరకరు.) సాయంత్రం ఇంటికొచ్చి, పిట్టలకు గింజలు చల్లి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే ఇక ఆయన గుమాస్తా కాదు. అలెగ్జాండ్రియా నుంచి అస్వాన్ దాకా పావురాల పిచ్చి పట్టిన కొన్ని వేలమందికి మర్యాద నేర్పే అధికారి. ఇంటర్నెట్టు తీగ కింద ఇస్త్రీ షాపు దగ్గర మొదలై, బాల్కనీల మీదుగా, ఆరేసిన బట్టల మధ్యనుంచి ఆయన గదిలోకి వచ్చేది. ఎవరైనా దుప్పటి గట్టిగా దులిపితే దేశవ్యాప్తంగా మర్యాదకు కాసేపు అంతరాయం కలిగేది.

ఆ మర్యాద ఎలాంటిదో కొంచెం చెప్పాలి. వేదికలో ఎవరు ఏ విషయం రాసినా శీర్షికా, దాని కింద వచ్చిన జవాబులూ మాత్రమే బయటికి కనిపిస్తాయి. అసలు సంగతి తెర వెనక ఉంటుంది. ముందు మీరు జవాబు రాస్తే అప్పుడు తెర తొలగుతుంది. అంటే భోజనం బ్రహ్మాండంగా ఉందని ఒప్పుకున్నవాళ్ళకే విస్తరి వేస్తారు. అందుకని అందరూ ముందుగా "అద్భుతమైన విషయం! మీ చేతులు చల్లగా ఉండాలి" అని రాస్తారు. తెర తొలగుతుంది. మెచ్చుకోవడం అప్పటికే అయిపోయింది కనుక, చదివి అభిప్రాయం మార్చుకోవలసి వచ్చే ప్రమాదాన్ని ఎవరూ నెత్తికెత్తుకోరు. రాసినవాడు ఒక్కొక్కరికీ "మీ రాకతో నా పుట పరిమళించింది" అని కృతజ్ఞత చెప్పాలి. ఆ కృతజ్ఞతకు వాళ్ళు మళ్ళీ గులాబీ బొమ్మలు పెట్టాలి. ఇలా నాలుగైదు పుటలు నిండాక ఆ విషయాన్ని "లోతైన చర్చలు" అనే విభాగంలోకి మారుస్తారు. (ఈ కథ చెబుతున్నవాడు కూడా ఆ వేదికలో స్వర్ణ సభ్యుడే. పావురాలు లేవు. మర్యాద ఉంది.)

వగ్దీ దగ్గర నాలుగు రకాల జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. మెచ్చుకోలు, కృతజ్ఞత, పరామర్శ, సంతాపం. శీర్షిక చూసి తగినది అతికించేవాడు. ఇరవై వేల జవాబులు దాటేసరికి శీర్షిక కూడా పూర్తిగా చూడనక్కర్లేనంత అనుభవం వచ్చేసింది. ఒకసారి తంతా అనే ఊళ్ళో ఒకాయన కూతురి పెళ్ళి కుదిరిందని రాస్తే వగ్దీ నుంచి సంతాపం వెళ్ళింది. ఆ పెద్దమనిషి ఏమీ అనుకోలేదు. మీ రాకతో నా పుట పరిమళించిందని కృతజ్ఞత చెప్పుకున్నాడు.

ఇలాంటి నిండుకుండలాంటి వ్యవస్థలోకి ఒకరోజు వెనిగర్ వచ్చింది. "పావురాల దాహం తీర్చే వెనిగర్ మహిమలు" అని ఎవరో విషయం పెట్టారు. చివర "తెచ్చినది" అని ఒక్కమాట. ఎక్కడినుంచైనా ఎత్తుకొచ్చి పెట్టినవాళ్ళు ఆ మాట రాస్తే చాలు, వేదికలో అది నిజాయితీ కింద లెక్క. ఎక్కడినుంచి తెచ్చారని అడిగితే అది అనుమానం కింద లెక్క. వందల గులాబీలు పడ్డాయి. వగ్దీ కూడా మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాక తెర తొలగితే, ఎన్నడూ లేనిది, మొదటి వాక్యం చదివాడు కూడా. నీళ్ళలో వెనిగర్ కలిపితే పిట్టల ఈకలకు నిగారింపు వస్తుందని ఉంది. రెండో వాక్యం ఏ పాత్రలో కలపకూడదో చెబుతోంది. దాని జోలికి ఆయన వెళ్ళలేదు.

ఆ వారమే ఆయన అతబా బజారునుంచి కొత్త నీళ్ళ తొట్టి తెచ్చాడు. జింకు పూసిన రేకుది, ఎండలో అద్దంలా మెరుస్తుంది, ఫొటోలో బాగుంటుంది. దాంట్లో నీళ్ళు పోసి వెనిగర్ కలిపాడు.

వగ్దీ పావురాలన్నిటికీ పెద్ద దిక్కు సుక్కర్ అనే ఆడపిట్ట. సుక్కర్ అంటే చక్కెర. ఒళ్ళంతా తెలుపు, మెడచుట్టూ గోధుమరంగు. షుబ్రా మేడల మీద సాయంత్రంపూట రెండు గుంపులు ఆకాశంలో కలిసిపోతే, తోవ తప్పి ఎవరి గూట్లో దిగిన పిట్ట వాళ్ళదే. నా పిట్ట నాకిమ్మని అడగడం పరువు తక్కువ. పక్క మేడ మీద మిత్రీ ఫానూస్ అనే వకీలుకు గూడు ఉంది. కిందటి వేసవిలో వగ్దీ పిట్ట ఒకటి ఆయన గూట్లో దిగింది. అప్పటినుంచీ వాళ్ళిద్దరూ మేడల మీద ఎదురుపడ్డప్పుడల్లా మేఘాలను పరిశీలిస్తున్నారు. సుక్కర్ మాత్రం ఏ గుంపులో చిక్కినా తోవ తప్పేది కాదు. పైగా మిగతావాటిని వెంటబెట్టుకొని ఇంటికి తెచ్చేది. దిగగానే నేరుగా వగ్దీ భుజమెక్కి చెవి దగ్గర గురగురలాడేది. ఆఫీసులోనూ ఇంట్లోనూ ఎవరూ ఆయన రాకకు అంత సంతోషించింది లేదు.

"ఆ పిట్టతో మాట్లాడే మాటల్లో సగం నాతో మాట్లాడినా నేనూ ఎగిరి చూపించేదాన్ని, అబూ నెర్మీన్!" అనేది భార్య కరీమాన్. అబూ నెర్మీన్ అంటే నెర్మీన్ నాన్న. నెర్మీన్ వాళ్ళ అమ్మాయి. పెళ్ళై ఇస్మాయిలియాలో ఉంటోంది.

వెనిగర్ మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకు సుక్కర్ ఎగరడం మానేసింది. గింజల వైపు చూడదు. ఆకుపచ్చగా విరేచనాలు. మిగతా పిట్టలూ మందకొడిగా తయారయ్యాయి.

బట్టలు తీయడానికి మేడ మీదికి వచ్చిన కరీమాన్ నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసింది. "ఏమయ్యా, అది తలకాయ వాల్చేసింది. డాక్టరుకి చూపించరాదూ?"

"వేదికలో పెట్టాను."

"వేదిక దానికి మందు పోస్తుందా?"

"వేలమంది ఉన్నారు కరీమాన్. ఒక్కొక్కళ్ళది ముప్ఫై ఏళ్ళ అనుభవం. డాక్టరుకేం తెలుసు?"

"ఒంట్లో బాగున్నప్పుడే కడుపులో బియ్యం కూరి వండేసినా దాని బతుకుకో అర్థం ఉండేది. ఇప్పుడు ఆ ఎముకల్లో ఏం మిగిలిందని!"

కరీమాన్ ప్రతి పిట్టనూ ఇలాగే పలకరిస్తుంది. కానీ ఆ రోజు సుక్కర్ చచ్చిపోతుందేమోనని వగ్దీకి నిజంగా భయం పట్టుకుంది. ఆ భయంతోనే కిందికి దిగి, "నా సుక్కర్ చచ్చిపోయేలా ఉంది, సాయం చేయండి" అని పెట్టిన తన విషయం తెరిచి చూశాడు. తెర వెనక అన్నీ రాశాడు పాపం. ఏం తింటోంది, ఏం తాగుతోంది, నీళ్ళలో వెనిగర్ ఎంత కలుపుతున్నది, అన్నీ. సుక్కర్ ఫొటో కూడా పెట్టాడు. ఫొటోలో సుక్కర్ కంటే తొట్టి బాగా పడింది.

జవాబులు వెల్లువలా వచ్చి ఉన్నాయి. "అద్భుతమైన విషయం! ఇలాంటివి మరిన్ని ఆశిస్తున్నాం" అని మన్సూరా నుంచి ఒక వజ్ర సభ్యుడు. "మీ కలానికి అలుపు లేకుండా ఉండాలి" అని ఫయ్యూమ్ నుంచి ఇంకొకడు. జలపాతాలు, గులాబీలు, మెరిసే గుర్రాల బొమ్మలు. అంతమంది వచ్చినందుకు వగ్దీ కళ్ళు చెమర్చాయి. వరసగా ఒక్కొక్కరికీ కృతజ్ఞత అతికించుకుంటూ పోయాడు. తాను రాసింది వాళ్ళు చదవలేదని ఆయనకు తెలిసే అవకాశం లేదు, వాళ్ళు రాసింది ఆయన చదవలేదు కాబట్టి.

ఆ గులాబీల మధ్య ఒక కొత్త సభ్యురాలు ఉంది. పేరు రబాబ్. దమన్‌హూర్‌లో పశువుల డాక్టరు. ఆమె మొదటి జవాబు ఒక్క చుక్క. తెర తొలగించుకోవడానికి ఏదో ఒకటి రాయాలి కనుక చుక్క పెట్టింది. (వేదిక చరిత్రలో అంత నిజాయితీ గల మెచ్చుకోలు ఇంకొకటి లేదు.) తర్వాత తెర వెనకున్నదంతా చదివి, ఫొటో చూసి, రెండో జవాబు రాసింది.

"అయ్యా, మీ తొట్టి కొత్త జింకు రేకుది. నీళ్ళలో వెనిగర్ కలుపుతున్నానని రాశారు. పులుపు తగిలితే జింకు నీళ్ళలోకి దిగుతుంది. అది పిట్టలకు విషం. దయచేసి ఈ క్షణమే ఆ తొట్టి తీసేసి, మట్టి మూకుట్లో మంచినీళ్ళు పెట్టండి. నీరసించిన పిట్టను ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. త్వరగా తీసేస్తే చాలావరకు కోలుకుంటాయి. ఆలస్యమైతే చెప్పలేను."

గులాబీ లేదు. సలాం లేదు. చేతులు చల్లగా ఉండాలని లేదు. పైగా ఇంత పొడుగు. అయినా వగ్దీ పెద్దమనసుతో ఆమెకూ కృతజ్ఞత అతికించాడు. పొడుగు జవాబులకు పెట్టే పెద్దరకం కృతజ్ఞత అది. "మీ ప్రతి అక్షరం బంగారం. తప్పక ఆచరిస్తాను. మీ రాకతో నా పుట పరిమళించింది." తర్వాత పర్యవేక్షకుడి హోదాలో పైకి చూస్తే ఆమె పెట్టిన చుక్క కంటపడింది. అర్థంలేని జవాబులు రాసేవారిని వేదిక ఉపేక్షించదు. ఆమె పేరు మీద నొక్కి, "మర్యాదలేని చుక్క" అని కారణం రాసి, శాశ్వతంగా నిషేధించాడు. అప్పుడు మేడ మీదికి వెళ్ళి తొట్టి కడిగి, నీళ్ళు మార్చి, పిట్టకు జబ్బుగా ఉంది కదా అని వెనిగర్ ఇంకో చెంచా ఎక్కువ వేశాడు.

సరిగ్గా అదే వారం వేదిక యజమాని నుంచి ఆదేశం వచ్చింది. ఆయన కువైట్‌లో ఉంటాడు. ఎవరూ చూడలేదు. పేరు గగన సామ్రాట్టు, బొమ్మ సింహం. (పావురాల వేదికకు సింహమేమిటని మొదట్లో ఒకరు అడిగారు. వారు ఇప్పుడు సభ్యులు కారు.) ఆదేశం సారాంశం ఇది. వేదికలో కొందరు వస్తున్నారు, చదువుతున్నారు, ఏమీ రాయకుండా వెళ్ళిపోతున్నారు. చదివి మౌనంగా వెళ్ళిపోవడం రాసినవాడి శ్రమను దొంగిలించడమే. ఇలాంటివారిని గుర్తించి ఏరిపారేయవలెను. (రాసేసి చదవకుండా వెళ్ళిపోయేవారి గురించి ఆదేశంలో ప్రస్తావన లేదు. వారే ఆదేశాన్ని హర్షించారు.)

సుక్కర్ మీది బెంగ మరిచిపోవడానికి వగ్దీకి పని కావాలి. ఒళ్ళు వంచి దిగాడు. ఎవరు ఏ పుట మీద ఎంతసేపు ఉన్నారో కంప్యూటర్ చూపిస్తుంది. నిజాయితీపరులు ఒక్కో పుట మీద మూడు నాలుగు సెకన్లు ఉంటారు. అతికించడానికి పట్టే కాలం అది. అనుమానితులు నిమిషాల తరబడి ఉంటారు. అందరిలోకీ ఘరానా దొంగ "మేడ మీది మనిషి" అనే పేరుతో ఉన్నవాడు. చేరి ఐదేళ్ళు. రాసిన జవాబులు సున్న. జవాబు రాయడు కనుక తెర వెనకది వాడికి కనబడదు. తెర బయట ఇతరులు రాసిన జవాబులే చదువుకుంటున్నాడన్నమాట. వగ్దీ పెట్టిన సుక్కర్ విషయం మీదే అరగంట ఉన్నాడు. అరగంటసేపు అక్కడ ఏం చేస్తున్నట్టు? చదువుతున్నట్టే. వగ్దీకి ఒళ్ళు మండింది. తన పిట్ట చావుబతుకుల్లో ఉంటే ఒక్క గులాబీ పెట్టని మనిషి! ముందుగా వాడినే వెళ్ళగొట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి వగ్దీ చొక్కా విప్పుతుండగా తలుపు గంట మోగింది. కరీమాన్ తలుపు తీసి, అలాగే నిలబడిపోయింది. గుమ్మంలో పక్క మేడ వకీలు మిత్రీ ఫానూస్, చేతిలో కాగితాల సంచి.

"లోపలికి రండి ఉస్తాద్. మేఘాలు చూడ్డం అయిపోయిందా?" అంది కరీమాన్.

"అయిపోయిందమ్మా. మీ ఆయనతో పనుంది." ఆయన లోపలికొచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. "ఉస్తాద్ వగ్దీ, పిట్టల గొడవ పిట్టల గొడవే. దాని గురించి నేను మాట్లాడను. ఐదేళ్ళుగా నేను ఒక వేదికలో సభ్యుణ్ణి. నిన్న నన్ను బయటికి గెంటారు. గెంటిన ఆర్డరు కింద మీ పేరు ఉంది."

"మేడ మీది మనిషి మీరా?"

"ఇంకెవరు? మీరు మాత్రం మేడ కింద ఉంటారా?"

"మీరు ఒక్క జవాబు కూడా రాయలేదు ఉస్తాద్. ఐదేళ్ళు! చదివి వెళ్ళిపోయారు."

"చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. అందుకని చెప్పలేదు. కోర్టులో అలాంటి వకీళ్ళంటే జడ్జీలకు ప్రాణం." మిత్రీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఏ నియమం కింద చర్య తీసుకున్నారో చూపించండి. నేను గొడవ పెట్టుకోను. చదివి వెళ్ళిపోతాను."

ఇంత తేలికైన కోరిక కాదనలేక వగ్దీ కంప్యూటర్ తెరిచి, వేదిక తలభాగంలో ఎనిమిదేళ్ళుగా మెరుస్తున్న "నియమావళి"ని నొక్కాడు. స్వయంగా ఆయనే పెట్టినది. వకీలు దగ్గరికి జరిగి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ నియమావళిని ఒకరు పైకి చదవడం అదే మొదలు. లోలోపల చదవడం కూడా బహుశా అదే.

"నియమం ఒకటి. ప్రియమైన సోదరీమణులారా, ఒకరినొకరు గౌరవించుకోండి." ఆగాడు. "సోదరీమణులా?"

"మర్యాద కోసం ఉంటుంది లెండి."

"నియమం నాలుగు. ఫొటో తీసే ముందు కేకును పూర్తిగా చల్లారనివ్వాలి."

వకీలు కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నియమం ఏడు. కొలతలు గ్లాసుల్లోనే చెప్పాలి, చేరెడు, గుప్పెడు అనరాదు. నియమం పదకొండు. తీపి తక్కువైందని తోటి సోదరిని నొప్పించరాదు. కింద 'తెచ్చినది' అని ఉంది. ఎక్కడినుంచి తెచ్చారు, ఉస్తాద్ వగ్దీ?"

"మా నెర్మీన్ అప్పట్లో స్వీట్ల వేదికలో ఉండేది. అక్కడి నియమాలు చాలా బాగున్నాయని అందరూ మెచ్చుకున్నట్టు కనిపించింది. రెండు వేలమంది ఇక్కడ కూడా కృతజ్ఞతలు చెప్పారు."

"నన్ను ఏ నియమం కింద తీసేశారు?"

"పదమూడు అనుకుంటా."

"పదమూడు. గుడ్లను వాడే ముందు ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానివ్వాలి." వకీలు కళ్ళజోడు తీశాడు. "ఇది నేను ఉల్లంఘించలేదని ప్రమాణం చేయలేను. మా ఇంట్లో గుడ్ల సంగతి నాకు తెలియదు."

కరీమాన్ నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పారిపోయింది. అక్కడినుంచి నవ్వు గిన్నెల చప్పుడుతో కలిసి వినబడింది. వగ్దీ మొహం కందగడ్డలా అయింది. మళ్ళీ చేర్చుకుంటానని గొణిగాడు. మిత్రీ పెద్దగా పట్టించుకోలేదు. కరీమాన్ తెచ్చిన పుదీనా టీ అందుకున్నాడు, ఒక గుక్క తాగాడు, అప్పుడు మామూలుగా అడిగాడు.

"అది సరే గానీ, సుక్కర్ ఎలా ఉంది? తొట్టి తీసేశాక లేచిందా?"

"ఏ తొట్టి?"

"జింకు తొట్టి. దమన్‌హూర్ డాక్టరమ్మ రాసిందిగా, వెనిగర్ పోస్తే విషమవుతుందని. మా మేడ మీదా అలాంటిదే ఉండేది. ఆవిడ రాసింది చదివి ఆ సాయంత్రమే అవతల పారేశాను."

వగ్దీ మేడ మెట్ల వైపు చూశాడు.

"తీసేయలేదా?" వకీలు కప్పు కింద పెట్టేశాడు. "మీరే రాశారుగా ఉస్తాద్! ప్రతి అక్షరం బంగారం, తప్పక ఆచరిస్తానని! నా కళ్ళతో చదివాను."

"అది అందరికీ రాసేదే."

"నేను నమ్మాను. మీరు అంత గట్టిగా మాటిస్తే, ఇక తొట్టి తీసేశారని ఊరుకున్నాను. లేకపోతే గొడవలు గోడకేసి కొట్టి ఆ రోజే మేడ మీదినుంచి కేకేసేవాణ్ణి!"

ముగ్గురూ మెట్లెక్కి పరుగెత్తారు. తొట్టి అంచు చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంది. ఎన్నాళ్ళనుంచో ఉంది, వగ్దీ రోజూ దాన్ని మెరుపనుకున్నాడు. వకీలు తొట్టి ఎత్తి నీళ్ళు పారబోశాడు. కరీమాన్ వంటింట్లోని మట్టి మూకుడు పట్టుకొచ్చింది. సుక్కర్ మూల ఒదిగి ఉంది. వగ్దీ రెండు చేతుల్లోకి తీసుకుంటే కళ్ళు తెరిచింది, గురగురలాడబోయింది గానీ శబ్దం రాలేదు.

మిత్రీకి తెలిసిన పశువుల డాక్టరు ఒకాయన నైలు అవతల, ఇంబాబాలో ఉన్నాడు. తన పాత కారు తీశాడు. వగ్దీ పిట్టను ఒళ్ళో పెట్టుకొని పక్కన కూర్చున్నాడు. శుక్రవారం కనుక రోడ్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా వంతెన దాటకముందే సుక్కర్ మెడ వాలిపోయింది. మిత్రీ అది చూసి బండి పక్కకు తీసి ఆపాడు. అప్పుడు వగ్దీ ఏడ్చాడు. ఆఫీసులో ఎంతోమంది గోడు మీద ముద్ర వేసినవాడు, వేదికలో వందల సంతాపాలు అతికించినవాడు, ఒక పిట్టను చేతుల్లో పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దాన్ని చంపింది తానేనని ఆయనకు తెలుసు. సాయం కావాలని అడిగి, సాయం వస్తే కృతజ్ఞత చెప్పి పక్కన పడేసినవాడు తానేనని తెలుసు. ఏ గులాబీ ఆ మాటను కప్పలేకపోయింది.

ఇంటికొచ్చాక కరీమాన్ బియ్యం మాట ఎత్తలేదు. "ఇటివ్వు" అని మెల్లగా చేతుల్లోంచి తీసుకుంది.

మిగతా పిట్టలు నెమ్మదిగా కోలుకున్నాయి. వగ్దీ మొదటి పనిగా రబాబ్‌ను వెతికాడు. ఆమె పేరు పక్కన "నిషేధితురాలు, కారణం: మర్యాదలేని చుక్క" అని ఉంది. నిషేధం తీసేసి, క్షమించమని సొంత మాటల్లో రాశాడు. అతికించకుండా రాయడంతో అరగంట పట్టింది. ఆమె మళ్ళీ వేదికకు రాలేదు. తిరిగొచ్చి చూడడానికి ఆమెకు కారణమేముంది?

తర్వాత ఆయన ఒక విషయం రాశాడు. ఇరవై వేల జవాబుల జీవితంలో మొదటిసారి తన తలలోంచి తీసి రాసినది. వెనిగర్ ఎలా వచ్చింది, తొట్టి ఎలా కొన్నాడు, దమన్‌హూర్ డాక్టరమ్మ ఏం చెప్పింది, తాను ఎలా చదవలేదు, సుక్కర్ ఎలా పోయింది, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. తన తప్పును ఎక్కడా తగ్గించుకోలేదు. తెర పెట్టలేదు, ఎవరైనా చదవొచ్చు. "తెచ్చినది" అని రాయలేదు. మిత్రీ పక్కన కూర్చొని వకీలు పద్ధతిలో ప్రతి వాక్యం సరిచూశాడు. శీర్షిక కూడా ఆయనే చెప్పాడు, ఏ కోర్టులోనూ రెండర్థాలు తీయలేనంత సూటిగా: "జింకు తొట్టిలో వెనిగర్ పోయకండి, పిట్టలు చచ్చిపోతాయి. దయచేసి చివరిదాకా చదవండి."

"ఇది అందరూ చదువుతారంటారా?" అన్నాడు వగ్దీ.

"చావు గురించి రాశారు. సొంత తప్పు ఒప్పుకున్నారు. ఇదీ చదవకపోతే ఇంకేం చదువుతారు ఉస్తాద్?" అన్నాడు మిత్రీ. ఆయన ఐదేళ్ళుగా వేదికలో ఉన్నా మనుషుల మీద నమ్మకం ఇంకా పోలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి రాగానే వగ్దీ తెరిచి చూశాడు. మూడు పుటలు నిండాయి. గగన సామ్రాట్టు స్వయంగా దాన్ని తలభాగంలో అతికించి, సువర్ణ పతకం ఇచ్చాడు. ఈసారి వగ్దీ దేనికీ కృతజ్ఞత పెట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కొని, ప్రతి జవాబునూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. అద్భుతమైన విషయం. మీ చేతులు చల్లగా ఉండాలి. ఇలాంటివి మరిన్ని ఆశిస్తున్నాం. కరీమాన్ వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి తానూ చదివింది. మూడో పుట చివర ఒక్కచోట మాత్రం విషయానికి సంబంధించిన జవాబు దొరికింది. జకాజీక్ నుంచి ఒక చురుకైన సభ్యుడు రాశాడు. "అమూల్యమైన సలహా, సోదరా. ఇవాళే వెళ్ళి జింకు తొట్టి కొన్నాను. వెనిగర్ ఎన్ని చెంచాలు పోయాలి?"

ఆ జవాబుకు అప్పటికే పదకొండుమంది కృతజ్ఞతలు చెప్పారు.